చైనుకు కొసరు

కర్నూలు నుంచి బద్వేలుకు బస్సులో పోతే ఒక కునుకు, ఒక టీ, ఇంకో కునుకు. మేమిద్దరం అదే దారికి నాలుగు రోజులు పెట్టాం, అదీ ఒకే సైకిలు మీద. తిరిగొచ్చినప్పటి నుంచి మా బళ్ళో తోటి టీచర్లు "మోకాళ్ళు బాగున్నాయా సుగుణా?" అని తప్ప ఇంకొకటి అడగడం లేదు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మిగతాది ఎవరూ అడగరు కనుక రాస్తున్నాను.

మా ఆయన సామ్యూలు కరెంటు లైన్‌మన్‌గా పనిచేశాడు. ఎక్కడ తీగ తెగినా సైకిలెక్కి పోయేవాడు. కొన్నేళ్ళుగా ఆయన చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. గొట్టంలోంచి చూసినట్టు, ఎదురుగా ఉన్నది కొంచెం కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనిపించదు. దీనికి మందు లేదని డాక్టర్లు చెప్పేశారు. ఉద్యోగం మానుకున్నప్పుడు కూడా ఆయన తట్టుకున్నాడు కానీ, సైకిలు మానేసిన రోజు నుంచి మాట పడిపోయినట్టు అయిపోయాడు. సాయంత్రాలు గుమ్మం ముందు కూర్చుని వీధిలో పోయే సైకిళ్ళ చప్పుడు వినేవాడు. "దానికి నూనె లేదు", "దీనికి చైను వదులు" అనుకునేవాడు, నాతో కాదు, తనలో తాను. అది వింటుంటే నాకు అన్నం సహించేది కాదు.

అందుకని కర్నూలు పాత ఊళ్ళో వెల్డింగు చేసే మస్తాన్ భాయ్‌ని పట్టుకున్నాను. ఆయన రెండు పాత సైకిళ్ళు కోసి ఒక పొడుగాటి సైకిలుగా అతికించి ఇచ్చాడు. ముందు సీటు, హ్యాండిలు, బ్రేకులు నావి. వెనక సీటు మా ఆయనది, తొక్కడమే ఆయన పని. ఊళ్ళో నాలుగు వీధులు తిరిగి అలవాటు పడ్డాక ఆయన ఒక షరతు పెట్టాడు.

"బద్వేలు కాడ మా చిన్నమ్మోళ్ళ ఊర్లో కోత పండగుండాది. ఆడికి పోదాం. ఇద్దరం కలిసి తొక్కగలిగినామా, సైకిలు ఉంటాది. నేను నీ ఎనక సామాను మాదిరి కూచోవాల్సొచ్చిందా, ఇంటికి రాంగానే పాత ఇనుముకు ఏసేద్దాం. మళ్ళా నా దగ్గర సైకిలు మాటెత్తొద్దు."

సరేనన్నాను. ఇంకేమనగలను?

ఓర్వకల్లు రాళ్ళు

చలికాలం. ఊరు దాటేసరికి మంచు ఇంకా నేల మీదే పడుకుని ఉంది. ఓర్వకల్లు దగ్గర ఆ పెద్ద పెద్ద రాళ్ళు మంచులోంచి ఒక్కొక్కటే తల పైకెత్తుతున్నాయి. ఎవరో వాటిని అక్కడ పెట్టి, తర్వాత వచ్చి తీసుకుపోదామని మరిచిపోయినట్టున్నాయి.

"కుడిపక్క ఏముండాది?" వెనక నుంచి ఆయన.

"రాళ్ళు."

"రాళ్ళుండాయని నాకూ తెల్సు. ఎట్లుండాయి?"

నేను చెప్పుకుంటూ పోయాను. ఇది నిద్రపోతున్న ఎనుము, అది గంప ఎత్తుకున్న ముసలామె. చెప్పేకొద్దీ నాకే సరదా పుట్టి, ఎడమ పక్క ఒక చెరువుంది, నిండా తెల్ల కొంగలున్నాయని కూడా చెప్పాను. వెనక ఆయన గట్టిగా గాలి పీల్చడం వినిపించింది. తర్వాత నెమ్మదిగా, "నీళ్ళ వాసన రాలేదే" అన్నాడు. అప్పటి నుంచి ఉన్నవే చెప్పాను.

అక్కడే ఒక అంగట్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. కర్నూల్లో మేం తినేదే, కానీ ఇక్కడ పప్పుల పొడి చెయ్యి జారినట్టు ఎక్కువ చల్లారు. అంగడామె మా సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమప్పా, దీనికి ఇన్సూరెన్సు ఉండాదా?" అని అడిగింది. మా ఆయన నవ్వలేదు.

పాణ్యం దాటాక

మా సైకిలుకు రెండు చైన్లు. ఆయన పెడళ్ళ నుంచి వెనక చక్రానికి పోయేది మామూలు చైను. నా పెడళ్ళనూ ఆయన పెడళ్ళనూ కలిపేది రెండోది, పొడుగుది. మస్తాన్ భాయ్ దాన్ని ఎవరి పాత సైకిళ్ళ నుంచో ఊడదీసి కలిపినట్టున్నాడు. పాణ్యం దాటాక అది పుటుక్కున తెగింది.

నా కాళ్ళు గాలిలో తిరిగాయి. సైకిలు మాత్రం పోతూనే ఉంది, ఎందుకంటే ఆయన తొక్కుతున్నాడు. దిగి చైను చుట్టి సంచిలో వేసుకున్నాక, "నంద్యాల దాకా నేను లాగుతా, నువ్వు దావ చూస్కో" అన్నాడు. రెండు పక్కలా నల్లరేగడి చేలు, వాటిలో మోకాలెత్తు శనగ మొక్కలు. నేను కాళ్ళు చాపుకుని మహారాణిలా కూర్చున్నాను. ఆటోల వాళ్ళు పక్కకొచ్చి చూసిపోయారు. మా ఆయన ఈల వేశాడు. ఆ పూటంతా ఆయన ముఖం ఎలా ఉందో నాకు తెలియదు, వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరం పడేవాళ్ళం.

నంద్యాల చేరేసరికి ఆయన మోకాలు బూరెలా వాచింది. ఒక్కడే బద్వేలు దాకా లాగడం కుదిరే పని కాదని ఇద్దరికీ తెలిసింది.

నంద్యాల: శెట్టి గారి అంగడి

మర్నాడు ఆయన్ని లాడ్జిలోనే మోకాలికి కాపడం పెట్టుకోమని చెప్పి, సైకిలు నడిపించుకుంటూ నేనొక్కదాన్నే బజారుకు పోయాను. ఒక శెట్టి గారు సైకిలు సామాన్లు అమ్ముతున్నారు. నా తెగిన చైను అంగడి బల్ల మీద పొడుగ్గా పరిచి, దాని పక్కన కొత్త చైను పరిచి, చివర్లు సరిచూసి పిన్ను కొట్టారు. పూలామె మూర వేసినంత ఒడుపుగా చేశారు.

నేను అలవాటు కొద్దీ అడిగాను, "కొసరేదీ?"

మా వైపు ఏది కొన్నా కొసరు అడగాల్సిందే. కూరగాయల మీద కరివేపాకు, పాల మీద ఒక చెంచా పాలు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, శెట్టి గారు పెడతారా? నేను టీచరునని అప్పటికే మాటల్లో చెప్పాను కనుక ఆయన నవ్వి, "చైనుకు కూడా కొసరేనామ్మా! టీచరమ్మలు గట్టోళ్ళు" అని ఇంకో రెండు లింకులు కలిపిచ్చారు. కొసరు ఇచ్చినవాళ్ళ చెయ్యి మంచిది, పుచ్చుకున్నవాళ్ళ ఇల్లు మంచిది అని మా అమ్మమ్మ అనేది. అంగట్లో మెకానిక్కు దాన్ని అలాగే బిగించాడు. నేను పొంగిపోతూ లాడ్జికి తిరిగొచ్చాను. కొసరు సంగతి మా ఆయనకు చెప్పాలని కూడా తోచలేదు. ఉప్పు కొన్నామని ఇంట్లో చెబుతామా?

ఆళ్ళగడ్డ దారి

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఆయన మోకాలి వాపు కొంచెం తగ్గాక బయల్దేరాం, ఊరి పొలిమేర దాటకముందే కొత్త చైను పడిపోయింది. ఎక్కించాను. మళ్ళీ పడింది. చదును రోడ్డు మీద మెల్లగా పోతే ఫరవాలేదు. కొంచెం ఎత్తు వచ్చి మా ఆయన గట్టిగా తొక్కాడా, టకటకమని కొట్టుకుని జారిపోయేది. ప్రతిసారీ నేనే దిగి ఎక్కించాను. ఆయన చెయ్యి చాపితే, "నీకెందుకు, చేతులు మసి అయితాయి" అని పక్కకు నెట్టాను. ఎక్కడ వేలు నలుగుతుందోనని నా భయం నాది.

తూర్పున నల్లమల నీలంగా, దగ్గరికి రాకుండా, దూరం పోకుండా మాతోనే నడుస్తోంది. ఎంత తొక్కినా అది అక్కడే ఉంది. మేం కూడా అక్కడే ఉన్నామేమో అనిపించింది.

ఒక కల్వర్టు దగ్గర చైను పడ్డాక ఆయన దిగి గట్టు మీద కూర్చున్నాడు.

"నేను బలం పెట్టినప్పుడే పడతాండాది. చూసినావా?"

"అదేం లేదు."

"ఉండాది. నీ కాలు యాడుండాదో నాకు అగుపడదు. నేను అడ్డదిడ్డంగా తొక్కుతాండా. నా వల్లనే పడతాండాది."

"నీ తప్పేం లేదయ్యా" అన్నాను. కానీ ఎందుకు పడుతోందో నాకూ తెలియదు. తెలియకుండా అన్న మాట ఓదార్పు కాదు, అది ఆయనకు తెలుసు. నిజం చెప్పాలంటే, ఆయనన్నదే నిజమేమోనని నాకు కూడా లోపల అనిపించింది. ఏడుపొచ్చింది. ఆయనకు వినపడకూడదని ముక్కు కూడా ఎగబీల్చలేదు.

"ఆళ్ళగడ్డలో బస్సెక్కుదాం" అన్నాడు. "సైకిలు ఆడనే అమ్మేద్దాం."

ఆళ్ళగడ్డ దాకా సైకిలు పక్కన నడిచాం.

ఓబులమ్మ మెస్సు

అహోబిలం పోయే దారి చీలేచోట ఓబులమ్మ అనే ఆమె మెస్సు నడుపుతుంది. పక్కనే ఆమె మరిది రాళ్ళు చెక్కే కొట్టం. ముక్కు ఇంకా రాని దేవుళ్ళు, సగం నవ్విన దేవతలు వరసగా నిలబడి ఉన్నారు. రాతి పొడి సాయంత్రపు ఎండలో పొగలా లేస్తోంది.

రాగి సంగటి, శనక్కాయలు నూరిన ఊరిబిండి, నాటుకోడి పులుసు. మా కర్నూల్లో జొన్న రొట్టె లేకుండా పొద్దు పోదు. ఇక్కడి నుంచి కడప వైపంతా సంగటిదే రాజ్యం. ఓబులమ్మ సంగటి ముద్దలో గుంత చేసి నెయ్యి పోసింది. మా ఆయన చాలన్నాడు. ఆమె ఇంకాస్త పోసింది. "చాలమ్మా!" అని ఆయన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొసరు ఒద్దనగూడదు నాయనా, పెట్టేటోళ్ళకు మంచిది గాదు" అంది ఓబులమ్మ.

"అట్ల చెప్పక్కా" అన్నాను నేను ఆయన్ని నవ్వించాలని. "నంద్యాల శెట్టి ఇచ్చినప్పుడు నేను ఒద్దన్నానా?"

సంగటి ముద్ద ఆయన నోటి దగ్గర ఆగింది.

"శెట్టి కొసరిచ్చినాడా? దేంట్లో?"

"చైన్లో. రెండు లింకులు."

ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు బయటికొచ్చింది. కొట్టంలో సుత్తి చప్పుడు ఆగిపోయేంత నవ్వు. "చైనుకు కొసరేందే! చీరకు జాకిట్టు గుడ్డ అనుకున్నావా? యాడన్నా చైనుకు కొసరు అడుగుతారా ఎవురన్నా!" ఓబులమ్మ ఏమీ అర్థం కాక తనూ నవ్వింది. నాకు నవ్వాలో తల దించుకోవాలో తెలియలేదు. చాలా రోజుల తర్వాత విన్న ఆ నవ్వు కోసం ఎంత తిట్టినా పడవచ్చనిపించింది.

చెయ్యి కడుక్కుని నేరుగా సైకిలు దగ్గరికి పోయాడు. చైను మధ్యలో వేలు పెట్టి పైకెత్తాడు. అది ఉయ్యాలలా ఊగింది.

"మామూలు సైకిలైతే చైను వదులైనప్పుడు ఎనక చక్రం కొంచెం గుంజి బిగిస్తాం. దీన్ని యాడ గుంజుతావు? మస్తాన్ భాయ్ రెండు పక్కలా ఎల్డింగు పెట్టేసినాడు. ఇది ఉండాల్సినంతే ఉండాల. రవ్వంత ఎక్కువున్నా నిలవదు."

ఓబులమ్మ మరిది సుత్తి, ఒక సన్న మేకు తెచ్చిచ్చాడు. నేను ముందుకు వంగితే మా ఆయన, "నువ్వు చేతులు కట్టుకోని కూచో" అన్నాడు. కూర్చున్నాను. అంత కష్టమైన పని ఆ ప్రయాణంలో ఇంకొకటి లేదు.

ఆయన కళ్ళు మూసుకునే పని చేశాడు. వేళ్ళతో తడిమి, కొసరు లింకులు చూసుకుని పిన్ను కొట్టి తీసేశాడు. ఒకటి వెడల్పుది, ఒకటి సన్నది, జంటగానే తియ్యాలట. లేకపోతే చివర్లు ఒకదాంట్లో ఒకటి దూరవు. తీరా కలిపి చూస్తే ఇంకా వదులే. ఇంక బస్సేననుకున్నాను. ఆయన మాత్రం తల ఊపాడు.

"పాత చైను పక్కన పెట్టి కొలిచినాడా శెట్టి?"

"ఊఁ."

"పాతది అరిగి సాగుంటాది. దాని పొడుగు చూసి కోస్తే కొత్తది ఎక్కువ రాదా? చైనును చైనుతో కొలవగూడదు. చక్రాలతో కొలవాల."

చైను రెండు పళ్ళ చక్రాల మీదుగా చుట్టూ తిప్పి, రెండు కొసలూ చేత్తో దగ్గరికి లాగాడు. ఎక్కడ కలిశాయో అక్కడ గోరు పెట్టి గుర్తు చూసుకున్నాడు. ఇంకో జంట తీశాడు. కొసలు కలిపే లాకు బిగించాక పెడలు మెల్లగా తిప్పుతూ వేలితో నొక్కి చూశాడు. చక్రాలు ఎంత బాగున్నా అచ్చం గుండ్రంగా ఉండవట, ఒకచోట బిగువు, ఒకచోట వదులు వస్తుందట. బిగువుగా వచ్చిన చోట కూడా వేలికి కొంచెం ఊగాలి. ఊగింది.

"ఇప్పుడు ఎక్కు" అన్నాడు. బస్సు మాట ఎత్తలేదు. అలాగని సైకిలు ఉంటుందనీ అనలేదు.

మైదుకూరు దాటి

ఆ తర్వాత చైను పడలేదు. చప్పుడు కూడా లేదు. చాగలమర్రి వచ్చింది, పోయింది. మైదుకూరు దగ్గర ఎండబెట్టిన పసుపు వాసన చాలా దూరం మాతో వచ్చింది. ఎర్రకారం దోశ తిని, ఇద్దరం కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, ఇంకో దోశ చెప్పాం. మా ఊళ్ళో దోశ మీద అంత కారం పూస్తే పోట్లాటకొస్తారు.

బద్వేలు రోడ్డు మీద ఒక చోట మనుషులే లేరు. ఎండ మెత్తగా ఉంది. మా నీడ ఒకటే, నాలుగు మోకాళ్ళ జంతువులా పక్కన చేలో పాకుతూ వస్తోంది. అప్పుడు నాకొకటి తెలిసింది. నేను గుంత చూసి కాలు బిగబట్టగానే వెనక ఆయన కాలు కూడా బిగుస్తోంది. నేను చెప్పడం లేదు. నోటి దాకా వచ్చేలోపే ఆయనకు అందిపోతోంది. నా కాలికి తోచింది చైను వెంబడి ఆయన కాలికి పోతోంది, ఆయన బలం అదే దారిన నాకొస్తోంది. అంతకుముందు రోజంతా "గుంత! ఎద్దులబండి! స్పీడు బ్రేకరు!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నదాన్ని, నోరు మూసుకున్నాను.

తిన్నని రోడ్డు, ముందు ఏమీ లేదు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను, ఆయనకు ఎలా ఉంటుందో చూద్దామని. గాలి పెద్దదయింది. ఎక్కడో గొర్రెల మెడలో గంట. ఎండ రెప్పల మీద ఎర్రగా. ఎటు పోతున్నామో తెలియదు, అయినా పోతున్నాం.

"ఏమ్మే, కండ్లు మూసుకున్నావా?" అన్నాడు వెనక నుంచి.

ఉలిక్కిపడి తెరిచాను. "నీకెట్ల తెల్సు?"

"నీ కాలు భయపడతాండాది."

కోత పండగ

చిన్నమ్మ పేరు ఎస్తేరమ్మ. మా ఆయన తల్లికి చెల్లెలు, ఊళ్ళో అందరికన్నా గట్టి గొంతు. ఆయన ముఖం రెండు చేతులతో పట్టుకుని ముద్దు పెట్టుకుని, "ఈ పాప నిన్ను ఇంతదూరం ఈడ్చకొచ్చిందా నాయనా!" అంది. ఆయన అంటే ఆమె నమ్మదని నేనే, "నేను ఈడ్చలేదు చిన్నమ్మా, ఇద్దరం తొక్కినాం" అన్నాను. ఆయన చైను తడిమి చూసుకునే పనిలో పడ్డాడు. షరతు సంగతి రాత్రి అడగాలనుకుని అడగలేకపోయాను. అడిగితే కాదంటాడేమోనని భయం.

పొద్దున్నే చర్చికి పోయేటప్పుడు చిన్నమ్మ తన చేలో కాసిన గుమ్మడికాయలు మా సైకిలుకు కట్టింది. చర్చి గోడ పక్కన నీడుంటే సైకిలు అక్కడే ఆనించి లోపలికి పోయాను. ఆ నీడ కానుకలు పెట్టే చోటని నాకు తెలియదు. కర్నూల్లో మా చర్చిలో కానుకలు కవర్లలో వేస్తారు. ఇక్కడ పంటే తెస్తారు: జొన్న కంకులు, కందులు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఒక మేకపిల్ల. పాస్టరు గారు బయటికి పోయి వాటన్నిటి మీదా చెయ్యి చాపి ప్రార్థన చేశారు. తర్వాత అందరూ కూర్చున్నాక లోపలే వేలం.

వేలం పాట పెట్టేది సంఘపెద్ద ఏసోబన్న. కంకులయ్యాయి, కోళ్ళయ్యాయి. గుమ్మడికాయలు కూడా అయ్యాక ఆయన, "ఇప్పుడు ఈ ఇద్దరి సైకిలు!" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "అన్నా, అది కానుక గాదు. నీడకు పెట్టినా."

"ప్రార్థన అయిపోయింది గదమ్మా. దేవుని ముందర పెట్టింది ఎనక్కి తీస్కోగూడదు. కావాల్నంటే పాడుకోవాల."

అది ఆ ఊరి ఆచారం. చిన్నమ్మ కూడా ఏటా తన కోడిని కానుక పెట్టి, మనసొప్పక తనే పాడుకుని ఇంటికి తెచ్చుకుంటుందట. బద్వేలు నుంచి వచ్చిన పాత ఇనుము వ్యాపారి ఒకాయన అప్పటికే పాట మొదలుపెట్టాడు.

అక్కడ ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు. నేను మా ఆయన వైపు చూశాను. తల వంచుకుని ఉన్నాడు. పలకలేదు. ఏసోబన్న ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. ఆయన తల ఎత్తలేదు. ఇక ఇంతే, తేల్చేసుకున్నాడు అనుకున్నాను. నోరు పెగలక, ఉత్త చెయ్యి ఎత్తాను. ఏసోబన్న పాట పెంచాడు. ఇనుము వ్యాపారి నన్ను చూసి, నవ్వి, తువ్వాలు దులుపుకుని తప్పుకున్నాడు.

"దానిపైన నాది" అంది మగవాళ్ళ పక్క నుంచి ఒక గొంతు.

మా ఆయన. తల ఎత్తాడు. నా చెయ్యి ఆయనకు కనిపించదు. ఇంకా ఆ వ్యాపారే పాడుతున్నాడని అనుకుంటున్నాడు. ఏసోబన్న నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు, మీసం కింద నవ్వు దాచుకున్నాడు. దేవుడికొచ్చే రాబడి ఎందుకు చెడగొట్టుకుంటాడు? "ఇంకా ఎవురన్నా ఉండారా?" అన్నాడు.

నేను చెయ్యి దించాలి. దించలేదు.

"ఉండారు!" అన్నాడు ఏసోబన్న.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఎవురప్పా అది? ఎవురు పాడినా దానిపైన నాదొక పాట. అది మా ఇంటి సైకిలు. చైను నా చేతుల్తో ఏసినా. దానిమీద మేం పోవాల్సిన ఊర్లు ఇంకా శానా ఉండాయి!"

చర్చి అంతా గొల్లున నవ్వింది. చిన్నమ్మ నా తొడ గిల్లి, "చెయ్యి దించవే పాపా, దుడ్డు ఎక్కువైందా మీకు?" అని గుసగుసలాడింది. దించేశాను. నాకు కావలసిన జవాబు వచ్చేసింది, అందరి ముందూ వచ్చింది. ఇంక పాడాల్సిన పని లేదు. కానీ ఆయన గొంతు అంత గట్టిగా విని ఎంత కాలమైందో.

ఇంకొక్కసారి చెయ్యి ఎత్తాను.